ఉరుము గొంతులో ఎరుపు

టమాటా మార్కెట్లో వేలం పాడే మనిషిని అందరూ ఉరుము అనే పిలుస్తారు. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో అనుమానమే. ఆ పేరు ఊరికే రాలేదు. తెల్లవారేసరికి లారీలు వచ్చి వరసగా నిలబడేవి. రైతులు పెట్టెలు దించుకుంటూ, హమాలీలు ఒకళ్ళ అమ్మను ఒకళ్ళు తలుచుకుంటూ, డ్రైవర్లు హారన్ మీద మోచెయ్యి ఆనించి నిద్రపోతూ ఉండే ఆ గోలలో ఉరుము సిమెంటు గట్టెక్కి “పాట మొదలూ!” అని ఒక్క కేక వేసేవాడు. రేకుల షెడ్డు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి. పావురాలు లేచాయంటే వ్యాపారులు వక్క నమలడం ఆపి దగ్గరికొచ్చేవాళ్ళు.

గట్టు దిగితే ఉరుము పొట్టివాడు. బస్సులో నిలబడితే పై కడ్డీ అందదు. కుర్రతనంలో ఇదే షెడ్డులో పెట్టెలు మోశాడు. ఒక రోజు పాత పాటగాడికి జ్వరం వచ్చి రాకపోతే, టమాటాలు ఎండలో మగ్గిపోతున్నాయని రైతులు గగ్గోలు పెడుతుంటే, నెత్తిమీద పెట్టె కిందకు దించకుండానే గట్టెక్కి పాట పాడేశాడు. పాత పాటగాడికి జ్వరం తగ్గింది గానీ గట్టు మాత్రం తిరిగి దక్కలేదు. అప్పట్నుంచీ ఉరుముకు ఆస్తి, హోదా, అందం, చదువు అన్నీ ఆ గొంతే. ఆ సంగతి వాడికీ తెలుసు. అందుకే గొంతును కూతుర్ని పొగిడినట్టు పొగుడుకునేవాడు.

కమిటీ వాళ్ళు ఎప్పుడో ఒక మైకు కొని గట్టు మీది స్తంభానికి బిగించారు. ఉరుము దానికి తువ్వాలు తగిలించుకునేవాడు. “మైకు గొంతు లేనోడికిరా. నాకు చిలక్కొయ్య చాలు” అనేవాడు. ఆ మైకు మీద కన్నేసినవాడు ఒకడున్నాడు, మార్కెట్ ప్రెసిడెంటు గారి బావమరిది. వాడికి ఏ పనీ రాదు. కానీ మైకులో “హలో, హలో, చెక్” అనడం వచ్చు. అంతకన్నా ఏం కావాలని ప్రెసిడెంటు ఉద్దేశం.

ఒక పొద్దున, మంచి కాయ, మంచి పాట. ఇద్దరు వ్యాపారులు పంతానికి పోయి ధర పెంచుతున్నారు. ఉరుము రెచ్చిపోయి “రెండోసా...” అని పొట్టలోంచి ఒక కేక లాగాడు. ‘సా’ దగ్గర గొంతులో ఏదో తెగింది. తర్వాత బయటకు వచ్చిన చప్పుడు, కోడిపిల్లను ఎవరో తొక్కినట్టుంది. షెడ్డంతా నవ్వు. హమాలీలు పెట్టెలు దించి మరీ నవ్వారు. పావురాలు మాత్రం కదల్లేదు. ఉరుముకు నవ్వు కన్నా ఆ పావురాలే ఎక్కువ అవమానం చేశాయి.

మర్నాడు బొంగురు. వారం గడిచినా బొంగురే. ప్రెసిడెంటు ఆఫీసుకు పిలిచి, కుర్చీ చూపించకుండా, చాలా ప్రేమగా మాట్లాడాడు.

“చూడు ఉరుమూ, నాకేం నీ మీద కోపం లేదు. ఈ కాపు ఎలాగూ అయిపోవచ్చింది, కొత్త పంట దిగేలోపు గొంతు తెచ్చుకో. లేదంటే మావాడు మైకు పట్టుకుని రెడీగా ఉన్నాడు.”

“వస్తుందండీ” అన్నాడు ఉరుము.

“ఏంటీ?”

“వస్తుందంటున్నానండీ.”

“వినపడట్లేదయ్యా” అన్నాడు ప్రెసిడెంటు, చెవికి చెయ్యి అడ్డం పెట్టి. వినపడిందని ఇద్దరికీ తెలుసు.

ఉరుము భార్యకు మార్కెట్ గేటు పక్కనే టీ కొట్టు. ఆవిణ్ని వ్యాపారులందరూ వదినా అంటారు. పొద్దున్నుంచీ టీ తాగుతూనే ఉంటుంది. అన్నంలోకి పచ్చిమిరపకాయ లేకపోతే మెతుకు దిగదు. గొంతు మాత్రం గంట. కొట్టు దగ్గర నిలబడి “గ్లాసులు తెచ్చివ్వండ్రా!” అంటే, షెడ్డు ఆ చివర ఉన్నవాడు కూడా చేతిలో తన గ్లాసు ఉందా అని చూసుకునేవాడు.

“రేపే డాక్టరు దగ్గరికి. నువ్వు గుటకలేసి చూసుకోవడం ఆపు ముందు” అంది. ఉరుము రోజుకు వందసార్లు గొంతు సవరించుకుంటూ, ఉమ్ము మింగుతూ, పోయిన గొంతు జేబులో ఏమైనా ఉందేమో అన్నట్టు వెతుక్కుంటున్నాడు.

చెవి ముక్కు గొంతు డాక్టరును మార్కెట్ వాళ్ళు గ్యాస్ డాక్టరు అంటారు. మంచివాడే. చెయ్యి తేలిక. కానీ ఆయన దగ్గరికి ఎవరు గొంతు పట్టుకుని వెళ్ళినా కడుపు పట్టుకుని బయటకొస్తారు. కడుపులో పులుపు పైకి తన్ని గొంతును కాలుస్తోందని తేలుతుంది. ఇక టీ బంద్, కారం బంద్.

లోపలికి వెళ్ళగానే నర్సు వరసగా అడిగింది. తేన్పులు వస్తాయా? గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉంటుందా? తిన్నాక పొట్ట ఉబ్బుతుందా? ఉరుము అన్నిటికీ “ఆ” అన్నాడు. తిన్నాక పొట్ట ఉబ్బకపోతే తిన్నట్టెలా తెలుస్తుంది?

తర్వాత ముక్కులో చేదు మందు కొట్టి, డాక్టరు సన్నటి నల్ల గొట్టం ఒకటి లోపలికి తోశాడు. పక్కన తెర మీద ఉరుము గొంతు కనిపించింది. తడిగా, ఎర్రగా, నిగనిగలాడుతూ, మధ్యలో తెల్లటి రెండు రెక్కలు తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటున్నాయి. కొట్టు దగ్గర జనంతో పోట్లాడే భార్య కూడా, పక్కన నిలబడి చూస్తూ నోరెళ్ళబెట్టింది.

“ఈ... అనండి” అన్నాడు డాక్టరు. తెర వైపే చూస్తూ తనలో తాను మార్కులు వేసుకుంటున్నాడు. ఎరుపుకు ఇన్ని, వాపుకు ఇన్ని, జిగురుకు ఇన్ని. “వెనక గోడ వాపు... రెండు. రెండు వేద్దామా?”

ముక్కులో గొట్టం ఉండగానే ఉరుము చెయ్యి పైకి లేచింది. “మూడు!”

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. “నొప్పిగా ఉందా?”

“లేదండీ. మూడు.”

“ఏమయ్యా, నీ గొంతును నువ్వే పాటకు పెట్టుకుంటున్నావేంటి?” అంది భార్య.

ఉరుము సిగ్గుపడ్డాడు గానీ అది వాడి చేతిలో లేదు. ఎవరైనా రెండు అని ఆగితే, ఆ ఆగిన చోట మూడు పడాల్సిందే. బతుకంతా చేసిన పని అదే. డాక్టరు తెర వైపు మళ్ళీ తేరిపార చూశాడు. చూస్తూ చూస్తూ తల ఊపాడు. “మూడు... అవును, మూడులాగే ఉంది.” ఆ తర్వాత ఆ తెల్ల రెక్కల, అంటే స్వర తంత్రుల, అంచు వాపు ఒకటి అన్నచోట ఉరుము కనుబొమ్మ ఎగరేస్తే, అది రెండైంది. చివరికి లెక్క కట్టి డాక్టరు చెప్పాడు.

“ఏడు దాటితే రిఫ్లక్స్, అదే కడుపులో పులుపు పైకి తన్నడం, అని అనుమానించాలి. మీది పదకొండు.”

ఉరుము ఛాతీ విరుచుకున్నాడు. సాయంత్రం మార్కెట్లో కనపడ్డవాడికల్లా బొంగురు గొంతుతోనే చెప్పాడు. “ఏడు చాలట. నాది పదకొండు పలికింది!”

అక్కణ్నుంచి వాడి జీవితం ఆసుపత్రి కూడులా చప్పబడింది. కారం లేదు, వేపుడు లేదు, ఉల్లిపాయ లేదు. పరగడుపున మాత్ర. పొద్దు గూకకుండానే భోజనం. టీ కొట్టు ఓనరు మొగుడై ఉండి, కొట్టు ముందు బల్ల మీద వేణ్ణీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. ఎదురుగా భార్య టీ చప్పరిస్తూ “పాపం” అనేది. ఆ ‘పాపం’లో ఎంత జాలి ఉందో, ఎంత యాలకుల వాసన ఉందో చెప్పలేం.

మంచం తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయమన్నాడు డాక్టరు. పెట్టారు. ఉరుముది తేలిక శరీరం, మంచం మీద కొత్త నైలాను దుప్పటి. పొద్దున లేచేసరికి దుప్పటితో సహా కాళ్ళవైపు జారిపోయి, మోకాళ్ళు గడ్డానికి తగిలి, పెట్టెలో కుక్కిన టమాటాలా ఉండేవాడు. భార్య లేపుతూ “ఎందాకా వెళ్ళొచ్చావ్?” అని అడిగేది.

రెండోసారి చూసినప్పుడు డాక్టరు సంబరపడ్డాడు. “చూశారా, ఎరుపు తగ్గింది. తొమ్మిదికి వచ్చాం!”

“మార్కులు తగ్గాయి సరే డాక్టరు గారూ, బొంగురు తగ్గలేదు” అంది భార్య.

“దానికి టైము పడుతుందమ్మా. మాత్ర రెండు పూటలా వేద్దాం.”

ఈసారి ఉరుము ఏమీ పాడలేదు. తొమ్మిది అన్నప్పుడు పది అనలేదు. వాడి గుండెల్లో పంట దిగుతోంది. పొలాల్లో కాయ రంగు తిరుగుతోందని రైతులు చెబుతున్నారు. బావమరిది అప్పుడే స్తంభం దగ్గరికి వచ్చి, తువ్వాలు రెండు వేళ్ళతో పక్కకు జరిపి, “హలో, చెక్” అని పోతున్నాడు. ఉరుము ఇంట్లో తలుపు వేసుకుని “పాట మొదలూ” అని ప్రయత్నిస్తే, పిల్లి కూడా లేవలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు డాక్టరు గొట్టం పెట్టి, “ఇంకా ఎరుపు ఉంది. మీరు రహస్యంగా కారం ఏమైనా...” అన్నాడో లేదో, భార్య కుర్చీలోంచి లేచింది.

“కారమా? ఈ మనిషి తిన్న చప్పిడి కూడు గొడ్డుకు పెడితే అది ఇల్లు వదిలి పోతుంది. కారం తినేది నేను. టీ తాగేది నేను. ఆ గొట్టం నాకు పెట్టండి.”

“మీకెందుకమ్మా? మీకేం బాధ లేదుగా?”

“లేదు. నాకు తేన్పూ లేదు, మంటా లేదు. ఉన్నదల్లా ఈ మనిషే. పెట్టండి, ఎంత పలుకుతుందో చూద్దాం.”

నర్సుకు నవ్వాగలేదు. డాక్టరు కాదనలేక మందు కొట్టి గొట్టం పెట్టాడు. ఆవిడ ముక్కులో గొట్టంతోనే మాట్లాడుతూ ఉంటే, తెర మీద తెల్ల రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. డాక్టరు తెర చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. వెనక గోడంతా ఎరుపు. వాపు. జిగురు. ఉరుము గొంతు ఆవిడ గొంతు ముందు పచ్చికాయ.

“ఎంతండీ?” అన్నాడు ఉరుము ఆశగా.

డాక్టరులో మంచితనం అక్కడ బయటపడింది. ఇంకొకడైతే “మీకూ ఉందమ్మా, బాధ తెలియని సైలెంటు రిఫ్లక్స్” అని ఇద్దరికీ మాత్రలు రాసి పంపేవాడు. ఆయనకు నోటి దాకా ఆ మాట వచ్చింది కూడా.

“సైలెంటు...” అన్నాడు.

“నేనా?” అంది ఆవిడ.

డాక్టరు నవ్వేశాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, పక్క గదిలో ఉన్న చిన్న డాక్టరమ్మను పిలిచాడు. ఎవరిదేదో చెప్పకుండా “మార్కులు వెయ్యమ్మా” అన్నాడు. ఆ అమ్మాయి ఉరుము గొంతుకు ఆరు, భార్య గొంతుకు పన్నెండు వేసి, “గొంతు పోయింది ఈ రెండో పేషెంటుకే కదా సార్?” అంది.

“ఎవరికే గొంతు పోయింది?” అంది రెండో పేషెంటు. వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. డాక్టరమ్మకు జవాబు దొరికింది.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. “నేను తొమ్మిది వేసినదానికి ఈ డాక్టరమ్మ ఆరు వేసింది. బాగున్న గొంతుకు పన్నెండు. నేను ముందు ప్రశ్నలు అడిగించి, తర్వాత గొట్టం పెడతాను. జవాబు చెవిలో పెట్టుకుని లోపలికి దిగుతుంటే, ఎరుపు కనపడక ఏమవుతుంది? గొంతు సవరించుకున్నా ఎర్రబడుతుంది, అరిచినా ఎర్రబడుతుంది, ఊరికే కూడా ఎర్రగా ఉంటుంది. కొంతమందికి నిజంగా కడుపులో పులుపే కారణం. కానీ ఒట్టి ఎరుపు చూసి ఆ మాట ఒట్టేసి చెప్పకూడదు.” తర్వాత ఉరుము వైపు తిరిగాడు. “మీరేం తింటారో అన్నీ అడిగాను. అసలు గొంతు ఎలా పోయిందో అడగలేదు. చెప్పండి.”

ఉరుము చెప్పాడు. మంచి కాయ, ఇద్దరి పంతం, ‘రెండోసా’. ‘సా’ దగ్గర తెగిన చప్పుడు.

“ఒక్క కేకలోనే పోయిందా?”

“ఒక్క కేకలోనే.”

డాక్టరు లేచి, గది లైట్లు తగ్గించి, మిణుకు మిణుకుమనే వేరే దీపం ఉన్న గొట్టం తెచ్చాడు. దానితో చూస్తే, రెక్కల కదలిక నీళ్ళలో గుడ్డ ఆడినట్టు నెమ్మదిగా కనపడింది. ఈసారి వెనక గోడ వైపు చూడలేదు. ముందు అంచునే చూశాడు. ఎడమ తంత్రి అంచు కింద, జిగురు చాటున, పెసరగింజ కన్నా చిన్న బొడిపె ఒకటి. ప్రతిసారీ రెక్కలు మూసుకోబోతుంటే అది మధ్యలో అడ్డం పడుతోంది, తలుపు సందులో గులకరాయిలా.

“ఇదీ మీ దొంగ” అన్నాడు డాక్టరు. “ఆ కేకకు లోపల సన్నటి రక్తనాళం చిట్లింది. దాని మీద మీరు మళ్ళీ మళ్ళీ గొంతు సవరిస్తే బొడిపె కట్టింది. దీన్నే నేను వాపు అనుకుని మార్కులు వేశాను.”

“మీరు ఒకటే వేశారండీ” అన్నాడు ఉరుము నిజాయితీగా. “రెండు నేను పాడాను.”

పథ్యం ఎత్తేశాడు. కొత్త మందు చాలా చిన్నది, ఉరుముకు చాలా పెద్దది. కొన్నాళ్ళు నోరు విప్పకూడదు. గుసగుస కూడా వద్దు. తర్వాత గొంతు కసరత్తులు నేర్పే మనిషి దగ్గరికి వెళ్ళి తుమ్మెదలా రొద చేయాలి. బొడిపె కరిగితే సరే, లేదంటే చిన్న ఆపరేషను. ఆ పైన కూడా అరవడం మానాలి. మైకు వాడాలి.

మైకు అన్న మాటకు ఉరుము మొహం మాడిపోయింది. ఆపరేషనుకు కూడా అంత మాడలేదు. భార్య మాత్రం టీ, ఉల్లిపాయ, కారం అన్నీ తిరిగి వచ్చినందుకు డాక్టరుకు దండం పెట్టింది. దారిలో మొదటిసారిగా ఆవిడ మాటకు ఎదురు మాట రాలేదు. ఇంటికి చేరేసరికి ఆవిడకే బెంగ పుట్టింది. “ఏదో ఒకటి తిట్టవయ్యా, చేత్తోనైనా” అంది.

కొత్త పంట దిగింది. ఆ పొద్దున ఉరుము మూసిన నోటితో గట్టెక్కాడు. ఎందుకెక్కాడో వాడికే తెలియదు. కాళ్ళు అలవాటు కొద్దీ ఎక్కాయి. కింద ప్రెసిడెంటు, పక్కన ఇస్త్రీ చొక్కాలో బావమరిది. చుట్టూ ఎర్రటి పెట్టెలు, చేతులు కట్టుకున్న వ్యాపారులు.

“పాట పాడతావా, మూగాట ఆడతావా?” అన్నాడు ప్రెసిడెంటు. “దిగు ఇక.”

ఉరుము దిగలేదు. ఒక్క కేక వెయ్యాలని పొట్టలోంచి గాలి లేచింది. అదే కేక, ఆ ఒక్క కేకతో పావురాలు లేచిపోతాయి, ప్రెసిడెంటు నోరు మూతపడుతుంది. తర్వాత గొంతు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నోరు తెరిచాడు.

“మూసుకో!” అని గేటు దగ్గర్నుంచి వినపడింది. పావురాలు లేచాయి.

భార్య టీ గిన్నె స్టవ్ మీదే వదిలేసి వచ్చి గట్టెక్కింది. మైకు మీది తువ్వాలు లాగి వాడి భుజాన పడేసింది.

“అక్కడ పాడేది ఒక్కరేనమ్మా” అన్నాడు ప్రెసిడెంటు.

“ఒక్కరే. ఈయన వేళ్ళు, నా నోరు. రెండూ కలిపితే ఒక మనిషి.”

“ఇంత గొంతు పెట్టుకుని నీకు మైకెందుకు వదినా?” అన్నాడొక వ్యాపారి.

“ఎందుకంటే ఇంటికి ఒక్క బొడిపె చాలు.”

తర్వాత పాట మొదలైంది. ఉరుము పెట్టెలోంచి ఒక కాయ తీసి, నొక్కి, కోసి లోపల చూసి వేళ్ళు చూపిస్తాడు. ఆవిడ మైకులో చెబుతుంది. ఎవడు నీళ్ళు నములుతున్నాడో ఉరుము కంటితో చూపిస్తే, ఆవిడ వాణ్ని పట్టుకుంటుంది. “ఏం పెద్దమనిషీ, టీలో నాలుగు చెంచాల పంచదార వేయించుకుంటావు, పాటలో ఒక్క మెట్టు ఎక్కలేవా?” షెడ్డంతా గొల్లున నవ్వింది. నాలుగు చెంచాలవాడు పౌరుషానికి పోయి రెండు మెట్లెక్కాడు. పక్కవాడు తన పంచదార బయటపడక ముందే పెంచేశాడు. రైతులు గట్టు దగ్గరికి జరిగారు. ప్రెసిడెంటు బావమరిది వైపు చూశాడు. బావమరిది నోరు తెరుచుకుని పాట చూస్తున్నాడు. ప్రెసిడెంటు ఏం చేస్తాడు, వెళ్ళి పొంగిపోతున్న టీ కిందకు దించాడు.

వర్షాలు పడే నాటికి ఉరుము బొడిపె కరిగింది. ఆపరేషను తప్పింది. రొద చేసీ చేసీ గొంతు మెల్లగా తిరిగొచ్చింది. అది పాత ఉరుము కాదు, దూరాన మబ్బు గొణిగినట్టుంటుంది. డాక్టరు గొంతు వాడొచ్చు అన్నాడు, అరవొద్దు అన్నాడు. మర్నాడు గట్టు మీద భార్య “ఒకటోసారి” అంది. “రెండోసారి” అంది. మైకు వాడి వైపు తిప్పింది. ఉరుము కాసేపు ఆ మైకును చూశాడు, చిలక్కొయ్యకు క్షమాపణ చెబుతున్నట్టు. తర్వాత వంగి, చాలా చిన్నగా “మూడోసారి” అన్నాడు. హమాలీలు కూడా తిట్టుకోవడం ఆపి విన్నారు. అప్పట్నుంచీ మూడోసారి ఎప్పుడూ వాడిదే. మొదటి రెండూ అడిగితే ఆవిడ ఇస్తుందేమో గానీ, వాడు అడగలేదు.

ఒక రోజు గ్యాస్ డాక్టరు మార్కెట్‌కు వచ్చి, ఒక పెట్టె టమాటాలు కావాలని గట్టు ముందు నిలబడ్డాడు. ఉరుము ఒక కాయ ఎత్తి చూపించాడు. మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

“ఎరుపు ఎంత వేస్తారు డాక్టరు గారూ? రెండా, మూడా?”

డాక్టరు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

“నేను చూసి చెప్పనయ్యా” అన్నాడు. “కోసి చూపించు.”